తాడు పడవ

తెల్లవారుజాము నాలుగున్నరకి
సొక్చో కాలవ మీద మొదటి మనిషి ఆవిడే.
మెడకి ఉన్ని గుడ్డ, చంకలో బైబిలు,
కోటు జేబులో మోకాళ్ల నొప్పుల పట్టీలు.
పేరు ఓక్బున్. ఎనభై నాలుగేళ్లు.
నాకైతే చర్చి అవ్వ.

మాది ఇంజను లేని పడవ.
ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఇనప తాడు కట్టి ఉంటుంది.
కొక్కెం తగిలించి, వెనక్కి నడుస్తూ లాగాలి.
ఎండాకాలం నాలుగైదు నిమిషాలు,
జనవరి గాలిలో ఎంతయినా.
కూర్చో అవ్వా అంటే వినదు.
మేకుకున్న రెండో కొక్కెం తీసుకుని
నా వెనకాలే అడుగులో అడుగేస్తుంది.

ఇరవై రెండేళ్ల బట్టీ ఇదే.
నేను బౌద్ధ మఠానికీ పోను, చర్చికీ పోను.
ఆవిడ లోపలికెళ్లిన కాసేపటికి
"జూయో! జూయో! జూయో!"
అందరూ ఒక్కసారే ప్రభువుని కేకేసి పిలవడం
నీళ్ల మీదుగా నాదాకా వస్తుంది.
ఆ తరవాత చేపల వేలంపాటే,
ఎవరి బేరం వాళ్లది.

ఒకసారి అడిగాను, రోజూ ఏం అడుగుతావని.
"కిల్నమ్‌కి చలెయ్యకుండా చూడమని."
ఎవరా కిల్నమ్?
సగం దూరం లాగాక చెప్పింది.

యుద్ధం. హుంగ్నమ్ రేవు. డిసెంబరు.
తనకి పదకొండు, తమ్ముడికి ఆరు.
ఒక చేతిలో ఇత్తడి గిన్నె, ఒక చేతిలో తమ్ముడు.
ఓడకి వేలాడే తాళ్ల నిచ్చెన ఎక్కాలంటే
ఒక చెయ్యి ఖాళీ కావాలి.
"గిన్నె పోతే అమ్మ కొడుతుందని..."
అక్కడ ఆగింది.
పడవ ఆగలేదు. లాగుతూనే ఉంది.

నోరు జారాను నేను.
"ఆరేళ్లవాడు ఇంకెక్కడున్నాడు అవ్వా?
ఉంటే గింటే వాడికిప్పుడు డెబ్భై తొమ్మిది."
కొక్కెం గాల్లో అలాగే ఉండిపోయింది.
తిరుగు ప్రయాణంలో ఒక్క మాట లేదు.
రేపట్నుంచి రాదేమో అనుకున్నాను.

నాలుగున్నరకి వచ్చింది.
"నువ్వన్నది నిజమే మేంగ్.
డెబ్భై మూడేళ్లూ చంటాడి చొక్కాలే అడిగాను.
రాత్రి కూర్చుని వాణ్ణి పెంచాను.
మీసం మొలిపించాను, పెళ్లి చేశాను,
తెల్లారేలోపు జుట్టంతా రాల్చేశాను.
ఇవాళ్టి నుంచి వాడి మోకాళ్ల కోసం, పళ్ల కోసం."
నవ్వింది కూడా.
ఆవిడకున్నవి నాలుగు పళ్లు.

కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు ఓసారి మా పడవ ఎక్కాడు.
ఆ ఆదివారం ప్రసంగంలో మేమున్నామట:
తాడు కదలదు, లాగేవాడే కదులుతాడు,
ప్రార్థనా అంతేనట,
మారాల్సింది దేవుడు కాదట, మనమట.
బాగా చెప్పాడు కదా అవ్వా అన్నాను.
ముక్కు చీది చేతిరుమాలు మడతపెట్టింది.
"ఈ వయసులో మారి నేనేం చేసుకోను?
నాకు నా తమ్ముడు కావాలి."

పోయిన చలికాలం నా భుజం జారి
పన్నెండు రోజులు ఇంట్లో ఉన్నాను.
నా బదులొచ్చిన కుర్రాడు చెప్పాడు:
ముసలావిడ లాగినంతసేపూ నీ పేరే గొణుగుతోంది.
తిరిగొచ్చిన రోజు అడిగాను,
నా భుజం సంగతి కూడా ఆయన చెవిన వేశావట?
"వేశాను. కిల్నమ్ తరవాతే.
వరస తప్పితే ఊరుకోను."

ఉత్తరం నుంచి కబురేమీ రాలేదు.
రెడ్‌క్రాసు వాళ్ల చీట్లలో ఆవిడ పేరు ఎప్పుడూ తగల్లేదు.
చీటీ తగలని రోజుల్లో కూడా
నాలుగున్నరకే వచ్చేది.

ఇవాళ పొగమంచు.
అవతలి గట్టు లేదు, చర్చి దీపం లేదు,
నీళ్లలోంచి తడిగా పైకొచ్చే తాడు మూరెడు మాత్రం ఉంది.
కాసేపు చూసి బయలుదేరదాం అనుకుంటున్నాను.
అవ్వ అప్పటికే కొక్కెం తగిలించేసింది,
రెండు చేతులతో.
"ఏం చూస్తావ్, లాగు.
ఆలస్యమైతే ముందు వరస దొరకదు."

వచ్చేది ఏడుగురు ముసలమ్మలు.
లాగాను.